వచ్చిపోయే షేర్ డ్రైవ్: తప్పు ఎక్కడ దాక్కుంటుంది?

ఆఫీసులో కంప్యూటర్లు చూసే మనిషికి సర్వర్ పూర్తిగా పడిపోవడం పెద్ద చిక్కు కాదు. అందరి పనీ ఒకేసారి ఆగుతుంది, అందరూ ఒకే మాట చెబుతారు, తప్పెక్కడో త్వరలోనే తేలిపోతుంది. అసలు చిక్కంతా ఇంకో రకం ఫిర్యాదుతోనే. ‘‘షేర్ డ్రైవ్ అప్పుడప్పుడూ ఓపెన్ కావట్లేదండీ’’ అంటారు. ఆయన వచ్చి చూస్తే జడ్ డ్రైవ్ చక్కగా తెరుచుకుంటుంది, ఫైళ్లన్నీ ఉంటాయి. ఆయన బండి ఎక్కి సందు మలుపు తిరిగేలోపు మళ్లీ ఎర్ర ఇంటూ గుర్తు. కొన్నాళ్లు ఇలా సాగాక ఉద్యోగులు ఫైళ్లను ఎవరి డెస్క్‌టాప్ మీద వాళ్లు పెట్టుకోవడం మొదలుపెడతారు. నష్టం మొదలయ్యేది అక్కడే. ఒకే లెడ్జర్‌కు మూడు కాపీలు తయారవుతాయి. ఏది తాజాదో ఎవరికీ తెలియదు. బ్యాకప్‌లో వాటిలో ఒక్కటీ ఉండదు.

ఈ సమస్యకు సలహాలకేం కొదవ లేదు. సర్వర్‌లో ఫలానా కమాండ్ కొట్టమంటారు ఒకరు. పాత ఎస్‌ఎంబీ ఆన్ చేయమంటారు ఇంకొకరు. ఫైర్‌వాల్ ఆపి చూడండంటారు, పేరు బదులు ఐపీ అడ్రస్‌తో మ్యాప్ చేయండంటారు, ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్ ఇచ్చేయండంటారు. వీటిలో ప్రతి ఒక్కటీ ఎక్కడో ఎవరికో పనిచేసిందే. అందుకే వాటిని నమ్ముతాం, అందుకే వాటితో ప్రమాదం. బయటికి కనిపించే లక్షణం ఒకటే, లోపలి కారణాలు డజనుకు పైనే. అలాంటప్పుడు ఒకరి మందు ఇంకొకరికి వేస్తే తగ్గినా అది కాకతాళీయమే.

నా ఉద్దేశంలో ‘అప్పుడప్పుడూ’ వచ్చే తప్పు అంటూ ఏదీ లేదు. దాని వేళ మనకింకా తెలియలేదు, అంతే. రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరం వేళను బట్టే వెనకటి వైద్యులు మలేరియాను గుర్తుపట్టేవారు. ఇక్కడా అంతే. ఎప్పుడు పోతోంది, ఎవరికి పోతోంది, ఏ దారిన వెళితే పోతోంది అన్న మూడింటికీ రాతపూర్వకంగా జవాబులుంటే, సర్వర్ గది తలుపు తీయకముందే సగం పని అయిపోయినట్టు.

డ్రైవ్ మీద డబుల్ క్లిక్ చేసినప్పుడు లోపల జరిగేది ఓసారి చూద్దాం. ముందు సర్వర్ పేరుకు అడ్రస్ వెతకాలి. ఆ అడ్రస్‌కు తీగ మీదుగానో వైఫై మీదుగానో చేరాలి. అక్కడ 445వ పోర్టు తెరిచి ఉండాలి. ఏ వెర్షన్‌లో మాట్లాడుకోవాలో రెండు కంప్యూటర్లూ ఒప్పుకోవాలి. నువ్వెవరని సర్వర్ అడుగుతుంది, పాస్‌వర్డ్ సరిపోవాలి. ఆ ఫోల్డర్ మీద హక్కుండాలి. చివరగా, ఆ ఫైలును వేరెవరూ పట్టుకుని కూర్చోకూడదు. ఈ పద్ధతికి మూలమైన ఎస్‌ఎంబీని 1980ల తొలి ఏళ్లలో ఐబీఎంలో బ్యారీ ఫీగెన్‌బామ్ రూపొందించారు. తర్వాత మైక్రోసాఫ్ట్ దాన్ని పెంచింది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ రాసిన సాంబా వల్ల అది లైనక్స్‌లోకీ, నేడు ఆఫీసు అల్మరాల మీద కూర్చునే చిన్న ఎన్‌ఏఎస్ పెట్టెల్లోకీ వచ్చింది. ఒక గదిలో నాలుగు మెషీన్లు ఉంటే చాలనుకున్న రోజుల్లో పుట్టిన పద్ధతి ఇప్పుడు వీపీఎన్ దాటి ఇళ్లకు కూడా పోతోంది. ఉన్నట్టు మనకు తెలియని ఏదో కంప్యూటర్ చెడిపోయి మన కంప్యూటర్‌ను పనికిరాకుండా చేయగలదని లెస్లీ లాంపోర్ట్ 1987లోనే తోటి ఉద్యోగులకు ఒక మెయిల్‌లో రాశారు. షేర్ డ్రైవ్‌తో వేగేవాళ్లకు అది అక్షరాలా వర్తిస్తుంది. పైన చెప్పిన మెట్లలో ఏది విరిగినా విండోస్ మనకు చూపించేది దాదాపు ఆ ఒక్క ఎర్ర గుర్తే.

ఆ గుర్తు గురించే ముందు ఒక మాట. అది కనిపించిన ప్రతిసారీ తప్పు ఉన్నట్టు కాదు. ఎవరూ వాడకుండా 15 నిమిషాలు గడిస్తే విండోస్ సర్వర్ ఆ సెషన్‌ను తనే మూసేస్తుంది. ఇది మామూలుగా ఉండే ఏర్పాటే. మళ్లీ క్లిక్ చేస్తే ఒక్క క్షణం ఆగి తెరుచుకుంటుంది. గుర్తు ఉన్నా ఫోల్డర్ తెరుచుకుంటే రోగమేమీ లేదు. కాకపోతే కొన్ని పాత అకౌంటింగ్ ప్రోగ్రాములు ఆ క్షణం కూడా ఓర్చుకోలేక ‘పాత్ దొరకలేదు’ అని మూసుకుపోతాయి. అలాంటి చోట ఆ 15 నిమిషాల గడువు తీసేసే ఆటోడిస్కనెక్ట్ కమాండ్ న్యాయమైన మందే. మిగతా చోట్ల దాన్ని కొట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక వేళల సంగతి. ఇక్కడే ఎక్కువ దొరుకుతుంది.

ఉదయం సిస్టమ్ ఆన్ చేయగానే డ్రైవ్ లేదు, పది నిమిషాల తర్వాత ఉంది అంటే చాలాసార్లు తప్పు విండోస్ తొందరది. నెట్‌వర్క్ కార్డు పూర్తిగా లేవకముందే లాగిన్ తెర ఇచ్చేస్తుంది. డ్రైవ్ మ్యాప్ కావలసిన క్షణానికి దారే ఉండదు. నెట్‌వర్క్ వచ్చేదాకా ఆగమని చెప్పే గ్రూప్ పాలసీ ఒకటి ఉంది. దాన్ని పెడితే లాగిన్ కొంచెం ఆలస్యమవుతుంది, ఫిర్యాదు పోతుంది. ఉదయాన్నే ఒకే ఒక్క పాత మెషీన్‌లో మాత్రం వస్తుంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ చూడాలి. అది అయిపోతే రాత్రి కరెంటు తీసేసిన మెషీన్ పొద్దున్న తప్పు టైంతో లేస్తుంది. డొమైన్‌లో గుర్తింపు చూసే కెర్బెరోస్ మామూలు ఏర్పాటులో 5 నిమిషాలకు మించిన తేడాను ఒప్పుకోదు. గడియారం సరిపడ్డాక అన్నీ సర్దుకుంటాయి. అంతలో మధ్యాహ్నం అవుతుంది, కంప్యూటర్ మనిషి వచ్చేది అప్పుడే.

సుమారు గంటన్నర, రెండు గంటలకోసారి తెరిచి ఉన్న ఫైలు తెగిపోతోందా? అయితే సర్వర్ నుంచి డ్రైవ్‌లను మ్యాప్ చేసే పాలసీ తెరిచి, అందులో ‘రీప్లేస్’ అని పెట్టారా ‘అప్‌డేట్’ అని పెట్టారా చూడాలి. పాలసీలు మామూలుగా 90 నిమిషాలకు, ఆ పైన అరగంట వరకూ ఆలస్యంతో, తిరిగి అమలవుతుంటాయి. విండోస్ 8 తరం నుంచి ఇలా తిరిగి అమలైనప్పుడల్లా డ్రైవ్ మ్యాపింగ్ కూడా నడుస్తుంది. ‘రీప్లేస్’ అంటే ఉన్న డ్రైవ్‌ను తీసేసి కొత్తగా పెట్టడం. ఆ సమయానికి దాంట్లో ఎక్సెల్ ఫైలు తెరుచుకుని ఉన్నవాళ్ల గతి చెప్పనక్కర్లేదు. డ్రాప్‌డౌన్‌లో ఒక మాట మారిస్తే పోయే ఈ తప్పుకోసం స్విచ్‌లూ కేబుళ్లూ మార్చిన ఆఫీసులు ఉంటాయంటే నాకు ఆశ్చర్యం లేదు.

రోజూ ఒకే గంటకు నెమ్మదించి తెగుతుంటే బ్యాకప్‌నో, యాంటీవైరస్ స్కాన్‌నో అనుమానించాలి. మధ్యాహ్నం భోజనాల తర్వాత మొదటి క్లిక్కు మాత్రమే ఆలస్యమైతే ఎన్‌ఏఎస్‌లో డిస్కులు నిద్రపోయి ఉంటాయి, లేచి తిరగడానికి వాటికి కొన్ని సెకన్లు పడుతుంది. నెలలో కొన్ని తేదీల్లోనే వస్తే అది రద్దీ. జీఎస్టీ రిటర్న్‌లకు 11, 20 తేదీల గడువు దగ్గరపడ్డప్పుడు ఆడిట్ ఆఫీసుల్లో అందరూ ఒకేసారి టాలీ డేటా మీద పడతారు. విడిగా సర్వర్ కొనకుండా ఒక మామూలు విండోస్ 10 లేదా 11 మెషీన్‌నే ‘సర్వర్’ అని పిలుచుకునే చోట దీనికి ఇంకో కోణం ఉంది. ఆ విండోస్ ఒకేసారి 20 కనెక్షన్లకు మించి తీసుకోదు. స్కానర్లు, ప్రింటర్లు, మేడ మీది ల్యాప్‌టాప్‌లు కలిపి ఆ లెక్క నిండాక వచ్చినవాడికి తలుపు తెరుచుకోదు. ఎవరో ఒకరు సిస్టమ్ మూసి ఇంటికెళితే తెరుచుకుంటుంది. ఎవరికి వస్తుందో చెప్పలేని తప్పుగా కనిపించేది నిజానికి ఒక లెక్క. దానికి మందు అసలైన సర్వర్ లైసెన్సో, మంచి ఎన్‌ఏఎస్‌నో. ఖర్చే, కానీ తప్పదు.

ఎవరికి అన్న ప్రశ్న కూడా ఇంత విలువైనదే. ఒక్కరికే వస్తే ఆ మనిషి కుర్చీ మార్చి చూడండి. వేరే సీట్లో లాగిన్ అయినా వస్తోందంటే తప్పు ఆ అకౌంట్‌ది. పాస్‌వర్డ్ మార్చినా పాత పాస్‌వర్డ్‌ను ఏదో ఒక మెషీన్ గుర్తుపెట్టుకుని పదేపదే పంపుతుంటుంది, అకౌంట్ లాక్ అవుతుంది, గడువు తీరాక తనే విడుదలవుతుంది. వాడేవారికి ఇది ‘డ్రైవ్ వచ్చిపోవడం’గానే కనబడుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి పాత నమోదులు తుడిచేస్తే పోతుంది. కుర్చీ మారితే తప్పు పోయిందంటే ఆ సీటు, ఆ తీగ, ఆ మెషీన్. ఒక వరస మొత్తానికి వస్తే వాళ్లందరి తీగలూ కలిసే స్విచ్. అందరికీ ఒకేసారి వస్తేనే సర్వర్ దగ్గరికి వెళ్లాలి. మనం సాధారణంగా చేసేది దీనికి తలకిందులు. మొదటి ఫోన్ రాగానే సర్వర్ రీస్టార్ట్ చేస్తాం. దాంతో తెరిచి ఉన్న సెషన్ల జాబితా, ఎవరు ఏ ఫైలు పట్టుకున్నారన్న వివరం, మెమరీలో ఉన్న పేర్ల చిట్టా అన్నీ పోతాయి. పని గంటసేపు సాగుతుంది, ఆధారం శాశ్వతంగా పోతుంది.

పేర్ల చిట్టా అన్నాను కదా, చిన్న ఆఫీసుల్లో నేను తప్పక చూడమనేవాటిలో పేర్ల సంగతి ఒకటి. డొమైన్ ఉన్నచోట ప్రతి మెషీన్‌కూ, పేరుకు అడ్రస్ చెప్పే డీఎన్‌ఎస్‌గా డొమైన్ సర్వర్ అడ్రస్ ఉండాలి. కానీ ‘నెట్ పోతే ఇబ్బంది’ అని రెండో గడిలో బయటి గూగుల్ అడ్రస్సో, ఇంటర్నెట్ రౌటర్ అడ్రస్సో ఇస్తుంటారు. రోజంతా బాగానే ఉంటుంది. డొమైన్ సర్వర్ ఒక్కసారి జవాబు ఆలస్యం చేస్తే మెషీన్ రెండోవాడిని అడుగుతుంది. మీ ఆఫీసులోని ఫైల్ సర్వర్ పేరు గూగుల్‌కు ఎలా తెలుస్తుంది? ‘అలాంటి పేరు లేదు’ అని నిజాయితీగా చెబుతుంది. ఆ జవాబును మెషీన్ నమ్మి కాసేపు గుర్తుంచుకుంటుంది కూడా. అంతసేపూ ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వస్తుంటుంది, షేర్ డ్రైవ్ మాత్రం ఉండదు. దీన్ని పట్టడం తేలిక. తప్పు ఉన్న నిమిషంలోనే సర్వర్ పేరుతో ఒకసారి, ఐపీ అడ్రస్‌తో ఒకసారి తెరవండి. అడ్రస్‌తో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే తప్పు పేరు వెతకడంలోనో, పేరు మీద ఆధారపడే కెర్బెరోస్ గుర్తింపులోనో ఉంది. రెండిటితోనూ తెరుచుకోకపోతే దారిలో ఉంది. అడ్రస్‌తో తెరుచుకుంది కాబట్టి దాంతోనే మ్యాప్ చేసి వదిలేయడం మాత్రం తప్పు. అప్పుడు గుర్తింపు మామూలుగా పాతదైన ఎన్‌టీఎల్‌ఎం మీదికి జారుతుంది, సర్వర్ అడ్రస్ మారిన రోజున అందరి డ్రైవ్‌లూ ఒకేసారి పోతాయి. డొమైన్ లేని చోట ఎన్‌ఏఎస్‌కు రౌటర్ రోజుకో అడ్రస్ ఇవ్వకుండా ఒకే అడ్రస్ కేటాయించడం ఇదే కోవలోని పని.

తీగల దగ్గరికి వద్దాం. చాలామంది చివర చూసేది, ముందు చూడవలసింది ఇదే. అటక మీద, ఏసీ పక్కన, దుమ్ము పట్టిన ఎనిమిది పోర్టుల ప్లాస్టిక్ స్విచ్‌ను దగ్గరగా చూడండి. దాని అడాప్టర్ ఎక్స్‌టెన్షన్ బాక్సులో వదులుగా ఊగుతూ ఉంటుంది. సర్వర్‌కు, కంప్యూటర్లకు యూపీఎస్ ఉంటుంది, దీనికి ఉండదు. వోల్టేజీ ఒక్క క్షణం పడితే ట్యూబులైటు రెప్ప కొట్టినట్టు కూడా తెలియదు, స్విచ్ మాత్రం తిరిగి లేస్తుంది. ఆ కొద్ది సెకన్లలో తెరిచి ఉన్న టాలీ డేటా తెగిపోతుంది. తర్వాత జాక్‌లు. క్లిప్పు విరిగిన జాక్ పోర్టులో కూర్చున్నట్టే కనబడుతుంది, పక్కవాళ్లు కుర్చీ జరిపితే వదులవుతుంది. కొన్ని స్విచ్‌లలో లైటు రంగు కూడా కథ చెబుతుంది. గిగాబిట్‌కు తీగలోని ఎనిమిది పోగులూ కావాలి, 100 మెగాబిట్‌కు నాలుగే చాలు. ఎలుక కొరికో, మేకు కింద పడి నలిగో, 100కు అక్కర్లేని పోగుల్లో ఒకటి పోతే చాలాసార్లు లింకు పూర్తిగా తెగదు, 100కు దిగజారి కుంటుతూ నడుస్తుంది. పింగ్ వెళుతుంది, బ్రౌజర్ పనిచేస్తుంది, పెద్ద ఫైలు కాపీ చేస్తేనే బండారం బయటపడుతుంది. ఎప్పుడో ఎవరో ఒకవైపు వేగాన్ని చేత్తో ‘100 ఫుల్ డ్యూప్లెక్స్’ అని బిగించి, రెండో వైపు ఆటోలో వదిలేసినా ఇదే గతి. ఒకవైపు ఫుల్, రెండో వైపు హాఫ్ అయి, రద్దీ పెరిగినప్పుడల్లా ప్యాకెట్లు పాడవుతాయి. నెట్‌వర్క్ కార్డు ప్రాపర్టీస్‌లో ‘కరెంటు ఆదాకు ఈ పరికరాన్ని ఆపవచ్చు’ అన్న టిక్కు కూడా అప్పుడే తీసేయండి, ల్యాప్‌టాప్‌లలో మరీ ముఖ్యం. ల్యాప్‌టాప్‌కు వైఫై, తీగ రెండూ ఉన్నప్పుడు డాక్ నుంచి తీసిన క్షణంలో కనెక్షన్ తెగడం సహజం. అకౌంట్స్ డేటా మీద పనిచేసేవాళ్లు తీగ మీదే ఉండాలి, ఈ విషయంలో మొహమాటం వద్దు.

ఇంటినుంచి వీపీఎన్ మీద పనిచేసేవాళ్ల ఫిర్యాదుకు వేరే లక్షణం ఉంటుంది. ఫోల్డర్ తెరుచుకుంటుంది, చిన్న ఫైలు తెరుచుకుంటుంది, పెద్దది మాత్రం సగంలో బిగుసుకుంటుంది. ఈథర్నెట్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్ల దాకా మోస్తుంది. వీపీఎన్ తన పొట్లం చుట్టాక లోపల అంత చోటు ఉండదు. ‘పెద్దగా ఉంది, చిన్నది చేసి పంపు’ అనే సందేశాన్ని దారిలో ఏ ఫైర్‌వాలో అడ్డుకుంటే, పంపినవాడు పంపుతూనే ఉంటాడు, అందుకునేవాడికి అందదు. వీపీఎన్‌లో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని, అంటే ఎంటీయూని, తగ్గిస్తే తీరుతుంది. ఆఫ్‌లైన్ ఫైల్స్ ఆన్‌లో ఉన్న మెషీన్లు లైను నెమ్మదించగానే తమంతట తామే ఆఫ్‌లైన్‌కు మారి నిన్నటి కాపీని చూపడం ఇంకో తలనొప్పి. వాడేవారికి ఫైలు తెరుచుకున్నట్టే ఉంటుంది, రాసింది ఎక్కడికి పోయిందో తెలియదు.

గత కొన్నేళ్లలో కొత్తగా చేరిన కారణం భద్రత. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌లోని లోపం ద్వారానే ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది, వేసుకోనివాళ్లు నష్టపోయారు. అదే ఏడాది వచ్చిన విండోస్ 10 కొత్త విడుదల నుంచి ఆ పాత వెర్షన్‌ను తొలగించడం మొదలైంది. హోమ్, ప్రో ఎడిషన్లలో 15 రోజులు వాడకపోతే అది తనంతట తానే పోయే ఏర్పాటు పెట్టారు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2లో ప్రో ఎడిషన్ కూడా పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్ని నిరాకరిస్తోంది, సంతకం చేసిన సంభాషణనే కోరుతోంది. పాత ఎన్‌ఏఎస్‌లు దీనికి తట్టుకోలేవు. ఇవి నిజానికి వచ్చిపోయే తప్పులు కావు, వస్తే పోనివే. కానీ ఆఫీసులో ఒక్కో మెషీన్ ఒక్కో వారం అప్‌డేట్ అవుతుంది కాబట్టి, మొత్తం మీద చూసేవారికి ‘ఒకరికి వస్తుంది, ఒకరికి రాదు’ అన్నట్టే ఉంటుంది. ఇక్కడ ‘పాత ఎస్‌ఎంబీ ఆన్ చేయండి’ అన్న సలహాను నేను ఒప్పుకోను. ఒక స్కానర్ కోసం ఆఫీసు మొత్తాన్ని 2017 నాటి ప్రమాదంలో పడేయడం అది. ఎన్‌ఏఎస్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి, ప్రతి ఒక్కరికీ పేరూ పాస్‌వర్డూ పెట్టండి. కుదరకపోతే పరికరాన్ని మార్చండి. ఫైర్‌వాల్ ఆపడం, ఎవ్రీవన్‌కు హక్కులివ్వడం కూడా ఇదే తరహా. రెండు నిమిషాల పరీక్షగా సరే, పరిష్కారంగా వద్దు.

ఆధారం సేకరించడానికి ఖరీదైన పనిముట్లేమీ అక్కర్లేదు. ఫిర్యాదు ఎక్కువగా వచ్చే మెషీన్‌లో రెండు కిటికీలు తెరిచి, ఒకదానిలో రౌటర్‌కు, రెండోదానిలో సర్వర్‌కు ఆగకుండా పింగ్ నడపాలి. రెండూ కలిసి తెగితే ఆ సీటు తీగో, దగ్గరి స్విచ్చో. సర్వర్‌ది మాత్రమే తెగితే తప్పు అవతల. విండోస్ పింగ్ వేళ ముద్రించదు కాబట్టి ప్రతి వరసకు టైం జోడించే నాలుగు లైన్ల పవర్‌షెల్ స్క్రిప్టు రాసుకోవాలి, అది లేకపోతే ఆ పరీక్షకు సగం విలువే. పింగ్ వెళుతున్నా డ్రైవ్ రాకపోతే టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌తో 445 పోర్టు పలుకుతోందో లేదో చూడాలి. నెట్ యూజ్ అని కొడితే వచ్చే నంబరును అలాగే రాసుకోండి. 53 అంటే దారి దొరకలేదు, 5 అంటే హక్కు లేదు, 1326 అంటే పేరో పాస్‌వర్డో తప్పు, 1219 అంటే ఒకే సర్వర్‌కు రెండు వేర్వేరు పేర్లతో వెళ్లబోయారు, 64 అంటే మాట మధ్యలో తెగింది. ఈవెంట్ వ్యూయర్‌లో ఎస్‌ఎంబీ క్లయింట్ కింద కనెక్టివిటీ అన్న లాగ్ ఒకటి ఉంటుంది. ఏ నిమిషంలో ఏ సర్వర్‌తో సంబంధం తెగిందో, ఎప్పుడు మళ్లీ కలిసిందో అందులో తేదీతో సహా ఉంటుంది. అక్కడికీ తేలకపోతే ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్. అది ఉచితమే, కానీ అంతదాకా వెళ్లవలసినవి తక్కువ.

డ్రైవ్ తప్పులుగా చెప్పేవాటిలో కొన్ని అసలు డ్రైవ్‌వి కావు. ‘ఫైలు వేరొకరు ఎడిట్ చేస్తున్నారు’ అని ఎక్సెల్ చెబితే ఎవరో తెరిచి భోజనానికి వెళ్లారన్నమాట. లేదా కరెంటు పోయినప్పుడు మిగిలిపోయిన తాళం ఫైలు అక్కడే ఉంది. సర్వర్‌లో ఓపెన్ ఫైల్స్ జాబితా చూసి ఆ ఒక్కదాన్ని మూస్తే చాలు. ఈ బాధలన్నీ ఎందుకు, అంతా క్లౌడ్‌లో పెట్టేద్దాం అనేవాళ్లూ ఉన్నారు. వర్డ్, ఎక్సెల్ కాగితాలకు అది మంచి దారే. పదిమంది ఒకేసారి రాసే అకౌంటింగ్ డేటా ఫోల్డర్‌ను మాత్రం సింక్ అయ్యే క్లౌడ్ ఫోల్డర్‌లో పెట్టకండి. ఎవరి మెషీన్‌లో వాళ్ల కాపీ మారి, చివరకు డేటాయే చెడుతుంది.

ఆఫీసు నడిపేవారికి నా విన్నపం. కొత్త సర్వర్‌కు కొటేషన్ అడిగేముందు అటక మీది స్విచ్‌ను యూపీఎస్‌కు తగిలించండి, విరిగిన జాక్‌ల చోట కొత్తవి కొట్టించండి, ప్రతి మెషీన్‌లో రెండో డీఎన్‌ఎస్ గడిలో ఏముందో చూపించుకోండి. ఇప్పుడున్న సర్వర్ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టండి. డ్రైవ్ పోయిన ప్రతిసారీ టైం, సీటు, తెర మీద వచ్చిన నంబరు, పక్క సీటువారికి ఉందో లేదో అందులో రాయమనండి. కంప్యూటర్ మనిషి వచ్చినప్పుడు మీ మాట కంటే ముందు ఆ పుస్తకం ఆయన చేతికివ్వండి.